ఫోటో దిగేటప్పుడు చుట్టూ జనం ఉంటే

పోయిన ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది ఇరవై నిమిషాలు కూడా లేదు. అందులో సగం నవ్వుతోనే పోయింది. కారు మీద కూసున్న తమ్ముని ముచ్చట విని మస్తుమంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. సంతోషం. కానీ ఆ నవ్వులల్ల అసలు చెప్పాల్సింది చెప్పనేలేదు. అందుకే ఇది రాస్తున్నా. రాయడం నాకు పెద్దగా అలవాటు లేదు, సైట్ రిపోర్టులు తప్ప. తప్పులుంటే సదురుకోండి.

వినని వాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో. మాది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, 2006లో దుబాయి వచ్చిన. షట్టరింగ్ హెల్పర్‌గా మొదలై ఇప్పుడు సూపర్‌వైజర్. 2014లో దేరాలో ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్న. అప్పటి నుంచి సెలవు రోజు వస్తే క్యాంపులో మనోళ్ళు నా రూమ్ తలుపు కొడతారు. "అన్నా, ఒక మంచి ఫోటో దియ్యరాదే."

మంచి ఫోటో అంటే ఏందో బయటోళ్ళకు అర్థం కాదు. పెండ్లి సంబంధం కోసం ఇంటికి పంపే ఫోటో. రెండేండ్లు ఇంటికి పోని తండ్రి, కొడుకు పుట్టినరోజుకు పంపే ఫోటో. చిట్టీ పైసలు ఎగ్గొట్టి పోయిండని ఊళ్ళో అనుకుంటుంటే, "నేను ఇక్కడ్నే ఉన్న, పని చేస్తున్న" అని చూపిచ్చే ఫోటో. మా క్యాంపులో ఒక నీలిరంగు బ్లేజర్ ఉంది. అది ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెల్వదు. ఆరుగురి పెండ్లిళ్ళు ఆ బ్లేజర్ మీదనే అయినయ్. కాబట్టి ఫోటోలు దిగడం ఆపండి అని నేను చెప్పను. ఎట్ల దిగాలెనో, దిగేటప్పుడు చుట్టూ ఉన్న మనుషులతో ఎట్ల ఉండాలెనో, ఏదన్న అయితే ఏం చేయాలెనో చెప్తా.

ముందుగాల మనిషి సంగతి. సైట్‌లో క్రేన్ డ్రైవర్‌కు కింద ఏముందో కనపడదు. అందుకే బ్యాంక్స్‌మన్ ఉంటాడు. వాడు చెయ్యి ఎత్తితే క్రేన్ ఆగాలె. ఫోటో దగ్గర కూడా అంతే. కెమెరా పట్టినోనికి చిన్న డబ్బాలో ఉన్నదే కనబడతది. ఫోటో దిగేటోడు కెమెరానే చూస్తాడు. ఇద్దరికీ చుట్టుపక్కల లోకం తెల్వదు. వెనక నుంచి సైకిల్ వస్తుందా, చిన్నపిల్ల ఉరికొస్తుందా, రాయి మీద పాకురు ఉందా, ఎవరూ చూడరు. అందుకే మా దగ్గర ఒక పద్ధతి పెట్టిన. నలుగురం పోతే ఒకడు బ్యాంక్స్‌మన్. వాని ఫోన్ జేబులో ఉండాలె, కండ్లు బయట ఉండాలె. వాడు "ఆగు" అంటే నేను కూడా ఆగుత. గంటకొకసారి మనిషిని మారుస్తం, లేకపోతే ఆ తమ్ముని ఫోటో ఒక్కటి కూడా రాదు, అలుగుతాడు.

ఈ పద్ధతి నాకు ముందే తెలిసి పెట్టింది కాదు. ఎట్ల వచ్చిందో తర్వాత చెప్తా.

ఇక్కడ చట్టం సంగతి చాలామందికి సగం సగం తెలుసు. "దుబాయిలో ఫోటో తీస్తే జైలు" అని ఒకడు అంటాడు, "ఏం గాదు, టూరిస్టులు తీస్తలేరా" అని ఇంకొకడు. రెండూ సరైనవి కావు. మీ ఫోటో మీరు దిగొచ్చు. బుర్జ్ ఖలీఫాను, క్రీక్‌ను, సముద్రాన్ని తీయొచ్చు. వచ్చిన చిక్కల్లా పక్క మనిషితోనే. 2021లో వచ్చిన 34వ నంబర్ ఫెడరల్ డిక్రీ చట్టం 2022 జనవరి 2 నుంచి అమలులో ఉంది. సైబర్ నేరాల చట్టం అంటారు. దాంట్లో 44వ ఆర్టికల్ ఒక మనిషి ఒప్పుకోకుండా అతని గోప్యతకు భంగం కలిగేటట్టు ఫోటో తీసుడు, దాచుకునుడు, ఇంకొకరికి పంపుడు, అన్నీ నేరమే అంటుంది. ఇంట్లో అయినా సరే, బజారులో అయినా సరే. శిక్ష ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలు, 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల దాకా జరిమానా, లేకపోతే రెండిట్లో ఒకటి. పన్నెండు వందల జీతం ఉన్న హెల్పర్ తిండి కూడా తినకుండా దాచినా లక్షా యాభై వేలకు పదేండ్లు పడుతుంది.

ఇది చదివి భయపడాల్సిన పని లేదు. బుర్జ్ ఖలీఫా ముందట నిలబడితే వెనక వెయ్యి మంది ఉంటారు, వాళ్ళందరు కేసు పెట్టరు. కానీ ఒక్క మనిషి "నన్ను తీసిండు" అని ఫోన్ చేసిండనుకోండి, తియ్యలేదని చెప్పుకోవాల్సింది మీరే. అదీ అరబీలో, లేకపోతే ఇంగ్లీషులో, లేకపోతే వచ్చీరాని హిందీలో.

నిర్మల్ దిక్కు తమ్ముడు ఒకడు మా గ్యాంగ్‌లో స్టీల్ ఫిక్సర్. వచ్చి మూడు నెలలయింది. సెలవు రోజు బీచ్‌కు పోయిండు. వాళ్ళమ్మ పుట్టినప్పటి నుంచి సముద్రం చూడలే. వీడియో కాల్ చేసి, "అమ్మా, చూడు, ఎంత పెద్దగుందో" అనుకుంట ఫోన్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతుండు. అక్కడ ఒక కుటుంబం కూసుని ఉంది, ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళకు కనబడింది ఏంది? ఒక్కడే వచ్చిన లేబర్ మనిషి, తమ దిక్కు ఫోన్ తిప్పుతుండు. ఆ ఇంటాయన లేచి అరిచిండు. ఈ తమ్ముడు భయపడి ఉరికిండు.

గంతే. ఉరికినంక ఇంక ఎవరు నమ్ముతరు?

పోలీసులు వచ్చినరు. ఫోన్ చూసినరు. గ్యాలరీల ఏం లేదు, వీడియో కాల్ హిస్టరీల "అమ్మ" అని తెలుగులో ఉంది. అది చదివి చెప్పేటందుకు నన్ను పిలిచిండ్రు. నాలుగు గంటలు స్టేషన్‌లో కూసున్నం. చివరికి ఆ ఇంటాయనే అర్థం చేసుకుని ఫిర్యాదు వద్దన్నడు, ఆయన మంచితనం. ఈ తమ్ముడు మాత్రం వారం రోజులు అన్నం సరిగ తినలే. వీసాకు తెచ్చిన అప్పు మూడు రూపాయల మిత్తి మీద నడుస్తుంది. పంపిచ్చేస్తే ఆ అప్పు ఏం గావాలె అని రాత్రి లేచి కూసునేటోడు.

దీంట్ల నుంచి నేను తీసుకున్నవి ఏందంటే, వీడియో కాల్ కూడా కెమెరానే. కాల్ మాట్లాడేటప్పుడు మీ ముఖం మీదనే ఉంచండి. సముద్రం చూపియ్యాలంటే నీళ్ళ అంచుకు పోయి, జనాన్ని మీ ఎనకకు పెట్టుకుని నీళ్ళ దిక్కు మాత్రమే చూపియ్యండి. ఎవరన్న ఆపితే ఉరకొద్దు. నిలబడండి, ఫోన్ కిందికి దించండి, "ఆసిఫ్" అనండి. అరబీలో క్షమించండి అని. గొంతు పెంచొద్దు. మీ గ్యాలరీ మీరే తెరిచి, మీ చేత్తో పట్టుకుని చూపియ్యండి. వాళ్ళున్న ఫోటో ఉంటే వాళ్ళ ముందే తీసేయండి, తీసేసినంక చెత్తబుట్ట ఫోల్డర్‌లోకి పోయి అక్కడ కూడా తీసేయండి. చాలామంది ఇది మర్చిపోతరు. అక్కడ ముప్పై రోజులు ఉంటది, అది చూస్తే అవతలోనికి ఇంకా అనుమానం పెరుగుతది. ఫోన్‌ను మాత్రం తెల్వని మనిషి చేతికి ఇవ్వొద్దు. "పోలీసులను పిలుద్దాం" అని మర్యాదగా అనండి. పోలీసులు అడిగితే ఇవ్వాల్సిందే.

స్టేషన్ దాకా పోతే, అరబీలో రాసిన కాయిదం మీద అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు. తర్జుమా చేసేటోన్ని అడగండి, అది అడిగే హక్కు ఉంది. ఎమిరేట్స్ ఐడీ ఎప్పుడూ దగ్గర ఉండాలె. సెలవు రోజే కదా అని క్యాంపులో పెట్టి పోతరు, ఉన్న చిక్కుకు అది ఇంకొకటి. ఇండియన్ కాన్సులేట్ వాళ్ళ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబర్ 800 46342, ఫోన్ ఉచితం. ఈ నంబర్ గోడ మీద రాసుకోండి.

జనం ఫోటోలోకి రాకుండా తీయడం పెద్ద విద్య కాదు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. ఎదురుగా నిలబడి ఛాతీ ఎత్తు నుంచి తీస్తే టవర్ సగమే వస్తది, జనం అంతా వస్తరు. ఫోన్ తలకిందులు చేయండి, లెన్స్ నేల దగ్గరకు వస్తది. నేల నుంచి పైకి చూస్తూ తీస్తే టవర్ మొత్తం వస్తది, మనిషి ఎత్తుగ కనబడతడు, వెనక జనం కాళ్ళు కూడా సరిగ కనబడవు. క్రీక్ దగ్గర అయితే నీళ్ళు వెనక పెట్టుకోండి. దేరా నుంచి బర్ దుబాయికి అబ్రా ఒక దిర్హాము. పొద్దుగూకే టైమ్‌కు ఆ పడవల వెలుతురు ముఖం మీద పడితే ఏ స్టూడియో పనికిరాదు. కానీ అబ్రాలో పక్కన కూసున్నోళ్ళను అడగకుండా తీయొద్దు, నడిపేటాయనను కూడా. "భాయ్, ఫోటో?" అని చెయ్యి చూపిస్తే చాలు. పదిమందిలో తొమ్మిదిమంది నవ్వుతరు. వద్దన్న ఒక్కరి కోసమే అడగాలె.

కుటుంబాలు నడుస్తుంటే ఆగండి. కెమెరా కిందికి దించి, పక్కకు తిరిగి నిలబడండి. మీరు ఆగింది వాళ్ళు చూస్తే చాలు. చిన్నపిల్లలు కెమెరా చూసి దగ్గరకు వస్తరు, "అంకుల్ నన్ను" అంటరు. ముద్దుగుంటరు, మనకు మన పిల్లలు యాదికొస్తరు. తీయొద్దు. తల్లిదండ్రులు దగ్గరుండి తీయమంటే వాళ్ళ ఫోన్‌తోనే తీసియ్యండి, మీ ఫోన్‌లో వద్దు.

సెక్యూరిటీ వాళ్ళతో మనోళ్ళకు ఊకెనే లొల్లి అయితది. ఆయన కూడా మనలెక్కనే, నేపాలో పాకిస్తానో ఆఫ్రికానో వదిలి వచ్చి, పన్నెండు గంటలు ఎండల నిలబడ్డ మనిషి. ఆయన్ని మీద నుంచి కెమెరాలో ఇంకొకడు చూస్తుంటడు. మాల్‌లో స్టాండ్ పెట్టనియ్యరు, పెద్ద కెమెరా చూస్తే అడుగుతరు. "వాళ్ళు తీస్తున్నరు కదా" అని టూరిస్టులను చూపించి వాదించొద్దు, అది నిజమైనా సరే. నాకు కూడా కడుపు మండుతది, తెల్లతోలుకు ఒక లెక్క, మనకు ఒక లెక్క అనిపిస్తది కొన్నిసార్లు. కానీ ఆ లెక్క ఆ గార్డు పెట్టింది కాదు. "ఎక్కడ తీయొచ్చు భాయ్?" అని అడగండి. ఆయనే మంచి జాగ చూపిస్తడు. ఒకసారి ఒక నేపాలీ తమ్ముడు మమ్మల్ని మాల్ వెనక గేటు దగ్గరికి తీస్కపోయి చూపిచ్చిన జాగలోనే, నేను తీసినవాటిలో అన్నిటికంటే మంచి ఫోటో వచ్చింది.

మసీదు దగ్గర ఇంకా జాగ్రత్త. అబుధాబి షేక్ జాయెద్ గ్రాండ్ మసీదులో ఫోటోలు దిగనిస్తరు. కానీ సినిమా పోజులు, కౌగిలింతలు, నేల మీద పండుకునుడు కుదరదు. 2013లో రిహానా అంతటి పాటగత్తె అక్కడ ఫోటోషూట్ లాగా పోజులు పెడితే బయటికి పొమ్మన్నరు. ఆమెకే తప్పలేదంటే మనమెంత. ప్యాలెస్‌లు, మిలిటరీ జాగలు, పోలీస్ స్టేషన్లు, ఎయిర్‌పోర్ట్ లోపలి భద్రత జాగలు, వీటి దిక్కు కెమెరా ఎత్తనే వద్దు. గోడ మీద కెమెరా బొమ్మ మీద అడ్డగీత ఉంటే అక్కడ సెల్ఫీ కూడా వద్దు. డ్రోన్ అయితే 2022 జనవరిలో సొంత సరదాకు ఎగరేసుడు మొత్తం ఆపినరు. తర్వాత సడలించినా, రిజిస్ట్రేషన్, పర్మిషన్ లేకుండా ఎగరేస్తే మీ జీవితం కూడా దానెంబడే ఎగిరిపోతది.

ఇగ మనోళ్ళ గుంపు. బయటోళ్ళ కంటే వీళ్ళతోనే ఎక్కువ కష్టం. ఒకని ఫోటో తీస్తుంటే పదిమంది మూగుతరు. "హీరో లెక్క ఉన్నవ్ రా", "కడుపు లోపలికి గుంజు", "నల్లగ వస్తున్నవ్, లైట్ పెట్టుమను". పాపం దిగేటోడు మొదలే సిగ్గుతో చచ్చిపోతుంటడు. పెండ్లి సంబంధానికి దిగే ఫోటోలో ముఖం బిగుసుకుపోతది. నేను ఏం చేస్తనంటే, ఎక్కువ మాట్లాడేటోనికి పని చెప్తా. నీళ్ళ సీసా పట్టుమంట, సంచి మొయ్యమంట, ఎండకు అట్ట అడ్డం పట్టమంట. చేతికి పని దొరికితే నోరు మూతబడతది. సైట్‌లో కూడా ఇదే.

అట్లాంటి గుంపు ఎక్కిచ్చిందే ఆ కారు ముచ్చట. పార్కింగ్‌లో పసుపు పచ్చ కారు ఉంది. "కూసో రా, కూసో రా, ఊళ్ళో అదిరిపోతది" అన్నరు. తమ్ముడు బానెట్ మీద ఎక్కి కూసున్నడు. బెల్టు బకిల్ పెయింట్ మీద గీత గీసింది, వేలంత పొడుగు. హారన్ మోగుడు మొదలైంది. ఎక్కిచ్చినోళ్ళు మాయం. ఎపిసోడ్‌లో ఇంత దాకా చెప్పి నవ్వినం. నవ్వని భాగం ఏందంటే, కారాయన పెయింట్ ఖర్చు అడిగిండు. పోలీసులు వద్దు, పైసలు కట్టు అన్నడు. ఆ తమ్ముని రెండు నెలల జీతం అటే పోయింది. చెల్లె కాలేజీ ఫీజు ఆ సంవత్సరం ఇంకొకరి దగ్గర తెచ్చి కట్టిండ్రు. ఎక్కిచ్చిన ఐదుగురిలో ఇద్దరు తలా వంద దిర్హాములు ఇచ్చినరు, మిగిలినోళ్ళు ఇవ్వలే. పరాయి కారు పక్కన నిలబడాలంటే రెండడుగులు దూరం. ఆనుకునుడు లేదు, అద్దంలోకి తొంగిచూసుడు లేదు. నంబర్ ప్లేట్ ఫోటోలోకి రాకుండా చూడండి.

ఇప్పుడు ఎపిసోడ్‌లో చెప్పలేకపోయింది.

2019 చలికాలం. నలుగురం సముద్రం ఒడ్డుకు పోయినం. అలలు ఆపేటందుకు పెద్ద పెద్ద రాళ్ళు పోసి ఉంటయ్ కదా, దాని మీద. నా మనిషి ఒకడు, కోరుట్ల దిక్కు తమ్ముడు, ఒక రాయి మీద నిలబడ్డడు. నేను కెమెరాలో చూసుకుంట "ఇంకొక్క అడుగు వెనకకు" అన్న. సైట్‌లో స్లాబ్ అంచు దగ్గర ఈ మాట అన్నోన్ని నేను ఆ రోజే గేటు బయటకు పంపేటోన్ని. ఇక్కడ నేనే అన్న. ఆ రాయికి పాకురు ఉంది, నేను చూడలే. తమ్ముడు జారి రెండు రాళ్ళ సందున పడ్డడు. తల పగిలి రక్తం, చెయ్యి మడతబడ్డది.

నేను కెమెరా వదిలి దిగిన. 998కి ఫోన్ కలిపినం, అంబులెన్స్ తొందరగనే వచ్చింది. అప్పటికే చుట్టూ ముప్పై మంది. అందులో సగం మంది చేతులల్ల ఫోన్లు. ఒక గొంతు నాకు ఇప్పటికీ యాదికుంది. తెలుగు గొంతు. "అయ్యో, మనోడే రా." ఆ మనిషి వీడియో తీసుకుంటనే ఆ మాట అన్నడు. చెడ్డోడు కాకపోవచ్చు. బాధతోనే తీసిండేమో. ఎవరన్న గుర్తుపడతరని జిల్లా వాట్సాప్ గ్రూపుల పెట్టిండు.

మేము హాస్పిటల్ ఎమర్జెన్సీ బయట కూసున్నం. లోపల కుట్లు వేస్తున్నరు. మణికట్టు విరిగింది, తల మీద గాయం పైపైనే. డాక్టరు భయం లేదన్నడు. అప్పుడు నాకు ఊరి నుంచి ఫోన్. తమ్ముని మేనమామ. ఆయన అడిగిన మొదటి మాట, "బాడీ ఎప్పుడు పంపుతున్నరు?"

మన ఊర్లకు గల్ఫ్ నుంచి పెట్టెలు వచ్చుడు కొత్త కాదు. రక్తం, రాళ్ళు, కదలకుండ పడి ఉన్న మనిషి, "మనోడే" అన్న గొంతు, ఇవి చూసినంక వాళ్ళు ఇంకేం అనుకుంటరు? పడ్డప్పటి నుంచి ఆ ఫోన్ దాకా గంట కూడా కాలే. తమ్ముని భార్య అప్పటికే రోడ్డు మీద పడి ఏడుస్తుందట. ఇంటి ముందు టెంట్ వేయాల్నా వద్దా అని మాట్లాడుకుంటున్నరట. "మామా, మనిషి మంచిగున్నడు" అని నేను ఎంత చెప్పినా నమ్మలే. దూరమున్నోళ్ళకు దుబాయోళ్ళు మొదట ఎప్పుడూ అట్లనే చెప్తరు కదా, అన్నడు. అదీ నిజమే, మేము చాలాసార్లు అట్లనే చెప్పినం. చివరికి నర్సును బతిమాలి లోపలికి పోయి, తమ్ముని చెవి దగ్గర ఫోన్ పెట్టిన. వాడు మత్తులోనే "ఓయ్, నేనే" అన్నడు. అవతల నుంచి మాట రాలే, ఏడుపు మాత్రమే వచ్చింది.

అందుకే ప్రమాదం అయితే నేను చేసేది ఒక వరుసలో చేస్తా. 998 లేదా 999 మొదట. రక్తం కారే దగ్గర శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టుడు, మెడకో నడుముకో దెబ్బ తగిలిందనిపిస్తే మనిషిని లేపకుండ ఉంచుడు. బ్యాంక్స్‌మన్ పని జనం దిక్కు తిరిగి నిలబడుడు. మన నలుగురు గాయపడ్డోని చుట్టూ వీపులు బయటికి పెట్టి నిలబడితే ఏ ఫోన్‌కూ ఏం దొరకదు. గట్టిగా, తిట్టకుండా, "వీడియో మత్ కరో భాయ్" అనాలె. అరబీ వాళ్ళుంటే "మాఫీ సూరా, లౌ సమహ్త్". అంబులెన్స్ ఎక్కిన వెంటనే ఇంటికి ఫోన్, మనిషికి తెలివి ఉంటే వాని గొంతుతోనే. నా గొంతుతో పది నిమిషాలు చెప్పేది, వాని గొంతు ఒక్క మాటలో చెప్తది.

తీసిన మనిషికి కూడా ఒక మాట. ఆ 44వ ఆర్టికల్‌లోనే గాయపడ్డోళ్ళ, చనిపోయినోళ్ళ, ప్రమాదాలల్ల చిక్కినోళ్ళ ఫోటోలు ఒప్పుకోకుండ తీసి పంపుడు కూడా నేరమని ఉంది. రోడ్డు మీద యాక్సిడెంట్ అయిన దగ్గర గుమికూడితే వెయ్యి దిర్హాముల ఫైన్ వేరే. ఫార్వర్డ్ చేసినోడు "నేను తియ్యలేదు కదా" అంటే కుదరదు. సైట్‌లో ఎవరన్న పడితే కూడా ఇదే. ఫోన్ బయటికి తీసేటోన్ని నేను మందలించేది కంపెనీ పరువు కోసం అని కొందరు అనుకుంటరు. కంపెనీ సంగతి కంపెనీ చూసుకుంటది. నాకు ఆ మేనమామ గొంతు వినబడతది.

సైట్ మాట వచ్చింది కాబట్టి. యాభయ్యో అంతస్తు మీద స్కాఫోల్డ్ అంచున హార్నెస్ హుక్ తీసి రీల్ చేసేటోళ్ళు ఉన్నరు. హుక్ ఉంటే ఫోటోలో బాగుండదట! ఆ రీల్ సేఫ్టీ ఆఫీసర్ దాకా వస్తే ఆ రోజే గేట్ పాస్ కట్. ఎక్కువ కంపెనీలల్ల సైట్ లోపల ఫోటోనే మన. పని బట్టల ఫోటో కావాలంటే గేటు బయట, హెల్మెట్ పెట్టుకుని దిగండి. మా నాయినకు అట్లాంటిదే నచ్చింది, బ్లేజర్‌ది కాదు.

పైసలకు ఫోటోలు తీసే ఆలోచన ఉన్నోళ్ళకు. మన వీసా కంపెనీ పనికి ఇచ్చింది, పర్మిట్ లేకుండా పక్క పని చేసి పైసలు తీసుకోవద్దు. దుబాయిలో వ్యాపార షూటింగ్‌లకు పర్మిషన్ కూడా కావాలె. నేను చాయ్ తప్ప ఏం తీసుకోను.

వానలు పడితే ఖోర్ ఫక్కాన్ దిక్కు, రస్ అల్ ఖైమా దిక్కు వాగులు పారుతయ్, మనోళ్ళకు ఊరు యాదికొచ్చి బండి కట్టుకుని పోతరు. 2023 నుంచి వాన టైమ్‌ల వాగుల దగ్గర గుమికూడితే వెయ్యి దిర్హాములు, ఆరు బ్లాక్ పాయింట్లు. పారే వాగులోకి బండి దించితే 2023లో పెట్టినప్పుడు రెండు వేలు, ఇరవై మూడు పాయింట్లు ఉండె. ఎండిన వాగు కూడా పైన కొండల మీద వాన పడితే నిమిషాలల్ల నిండుతది.

కెమెరాకు, ఫోన్‌కు అయ్యేవి చిన్నవి. ఎండకాలం ఏసీ రూమ్ నుంచి బయటికి తేగానే అద్దం మీద మంచు పట్టినట్టు అయితది. తుడిస్తే మళ్ళీ పడతది. బయటికి పోయే ముందు ప్లాస్టిక్ సంచిలో మూతగట్టి, బయట ఇరవై నిమిషాలు అట్లనే ఉంచి తీయండి. ఇసుక పడితే అంగీ కొసతో రుద్దొద్దు, గీతలు పడతయ్, ఊదే బుడ్డితో కొట్టండి. ఉప్పునీళ్ళల్ల ఫోన్ పడితే వెంటనే ఆఫ్ చేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు, బియ్యంల పెట్టుడు ఉత్తదే, రిపేర్ షాపుకు పోండి. వంగి దిగేటప్పుడు పై జేబులో ఫోన్, పాన్ కార్డు, ఐడీ ఉండొద్దు. క్రీక్ అడుగున ఎన్ని ఎమిరేట్స్ ఐడీలు ఉన్నయో!

కోరుట్ల తమ్ముడు ఆరు వారాలు తేలిక పని చేసి మళ్ళా ఎప్పటిలెక్క అయిండు. ఆ మర్సటి చలికాలం క్రీక్‌కు పోదామంటే, "ఈసారి నేను ఫోటో దిగనన్నా, పక్కన నిలబడి చూస్కుంట" అన్నడు. బ్యాంక్స్‌మన్ పద్ధతి అట్ల మొదలైంది. ఇప్పటికీ నాతో వస్తే ఫోన్ జేబులో పెట్టుకుని, రాళ్ళను చూసుకుంట ముందు నడుస్తడు.

డిసెంబర్‌ల పొద్దు అయిదున్నరకే గూకుతది. నాలుగు కొట్టేవరకల్లా దేరా అబ్రా స్టేషన్ దగ్గర ఉంటేనే వెలుతురు దొరుకుతది. వచ్చే సెలవుకు ఇద్దరు ఉన్నరు, ఒకటి పెండ్లి సంబంధం, ఒకటి బిడ్డ పుట్టినరోజు. బ్లేజర్ ఇస్త్రీకి ఇచ్చి పెట్టిన.